ఆరు దగ్గర ఆగాలా, ఏడు పాడాలా: బ్రిడ్జి ఆటలో స్లామ్ అన్వేషణ

గ్రాండ్ స్లామ్ అన్న మాట తెలుగు పాఠకులకు టెన్నిస్ వార్తల ద్వారా పరిచయమైంది. కాని అది టెన్నిస్‌లో పుట్టిన మాట కాదు. 1933లో ఆస్ట్రేలియా ఆటగాడు జాక్ క్రాఫర్డ్ తన దేశపు పోటీని, ఫ్రాన్స్, ఇంగ్లండు పోటీలను వరుసగా గెలిచి అమెరికా పోటీలో తుదిపోరుకు చేరుకున్నాడు. ఆ నాలుగో విజయం కూడా దక్కితే దాన్ని ఏమనాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడు అక్కడి పత్రికా రచయితలు పేకాట బల్ల నుంచి ఒక మాటను అరువు తెచ్చుకున్నారు. అప్పటికి అమెరికా అంతటా కాంట్రాక్ట్ బ్రిడ్జి వెర్రి ఊపేస్తున్నది. పదమూడు పట్లకు పదమూడూ తామే గెలుస్తామని ముందుగా చెప్పి, చెప్పినట్టే గెలవడాన్ని ఆ ఆటలో గ్రాండ్ స్లామ్ అంటారు. క్రాఫర్డ్ ఆ తుదిపోరులో ఫ్రెడ్ పెర్రీ చేతిలో ఓడిపోయాడు. మాట మాత్రం టెన్నిస్‌లో స్థిరపడిపోయింది. అయితే అలా తరలిపోయేటప్పుడు దాని అర్థంలో సగం రాలిపోయింది. టెన్నిస్‌లో గెలిస్తే చాలు. బ్రిడ్జిలో గెలవబోతున్నానని ముందుగా చెప్పాలి. చెప్పకుండా పదమూడు పట్లూ గెలిచినవాడికి దక్కేది చిల్లర మాత్రమే.

ఈ ‘ముందుగా చెప్పడం’ అన్న ఒక్క షరతు నుంచి గత నూరేళ్ళలో ఒక శాస్త్రమే పుట్టింది. స్లామ్ ఉందా లేదా అని వెదకడం ఎలా, ఎవరు ఎవరిని అడగాలి, ఎంతవరకు అడగాలి, ఎక్కడ అడగడం మాని తెగించాలి అన్నవి అందులోని ప్రశ్నలు. వాటికి వచ్చిన జవాబుల చరిత్ర, బ్రిడ్జి ఆడనివారికి కూడా ఆసక్తి కలిగించేదే.

ముందు ఆట స్వరూపం కొంత. నలుగురు ఆటగాళ్ళు, ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు ఒక జోడీ. 52 ముక్కలను తలా 13 చొప్పున పంచుతారు. ఒక్కో చుట్టులో నలుగురూ ఒక్కో ముక్క వేస్తే పెద్ద ముక్క వేసినవారికి ఆ పట్టు దక్కుతుంది. అలా 13 పట్లు. ఆట మొదలుకాకముందే వేలంపాట జరుగుతుంది. ఏ రంగును తురుపుగా పెట్టుకుంటే ఎన్ని పట్లు గెలవగలమో రెండు జోడీలూ వంతులవారీగా పాడతాయి. మొదటి ఆరు పట్లు లెక్కకు రావు కనుక, ‘నాలుగు ఇస్పేట్లు’ అంటే ఇస్పేటు తురుపుగా పది పట్లు గెలుస్తామని ఒప్పుకోవడం. ఆరు పాడితే పన్నెండు పట్లు, అది స్మాల్ స్లామ్. ఏడు పాడితే పదమూడు, అది గ్రాండ్ స్లామ్. రంగులకు కళావరు, డైమను, ఆఠీను, ఇస్పేటు అన్నది ఆరోహణ క్రమం. వాటన్నిటి పైన తురుపే లేని నోట్రంప్. ఏడు మెట్లు, మెట్టుకు ఐదు పాటలు, మొత్తం 35. పాస్, డబుల్, రీడబుల్ అన్న మూడు మాటలను కలిపితే 38.

ఒక ఆటగాడి చేతికి రాగల పదమూడు ముక్కల కూర్పులు 63,501 కోట్లకు పైగా ఉన్నాయి. అంత వైవిధ్యాన్ని 38 మాటలున్న భాషలో భాగస్వామికి తెలియజేయాలి. పైగా ఆ భాషలో వెనక్కి నడవడం లేదు; పాడిన ప్రతి పాట దాని కిందివాటిని శాశ్వతంగా మూసివేస్తుంది. చెప్పేదంతా ప్రత్యర్థులూ వింటూనే ఉంటారు.

ఓడ మీద పుట్టిన షరతు

వేలంపాటను విస్ట్ వంశపు ఆటకు జోడించడంలో భారతదేశానికి కొంత పాత్ర ఉంది. ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్ళలో అక్కడి ఆంగ్ల సివిలు ఉద్యోగుల మధ్య ఈ పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. ఆక్షన్ బ్రిడ్జి మీద ‘జాన్ డో’ అన్న మారుపేరుతో వచ్చిన తొలి పుస్తకం 1904లో అలహాబాదులో అచ్చయింది. ఆ మారుపేరు వెనక ఉన్నది ఎఫ్. ఆర్. రో అనే సివిలు ఉద్యోగి. కాని ఆక్షన్ బ్రిడ్జిలో స్లామ్‌కు ఇచ్చే బహుమానం చిన్నది. దాన్ని పాడి గెలిచినా, పాడకుండా గెలిచినా ఇచ్చేవారు. కాబట్టి తెలివైన ఆటగాడు వేలం ఎంత తక్కువలో ముగిస్తే అంత మేలు అనుకునేవాడు. రెండు దగ్గర ఆగి పన్నెండు పట్లు గెలిచినవాడు ఏమీ పోగొట్టుకోలేదు. అన్వేషణ అన్న మాటకే అక్కడ చోటు లేదు.

దీన్ని మార్చినవాడు హెరాల్డ్ వాండర్‌బిల్ట్. రైలుమార్గాల సంపదకు వారసుడు, పందెపు పడవల నడపడంలో దిట్ట. 1925 అక్టోబరు చివర లాస్ ఏంజెలెస్ నుంచి పనామా కాలువ మీదుగా హవానా వెళ్తున్న ‘ఫిన్లండ్’ అనే ఓడలో ముగ్గురు మిత్రులతో కలిసి అతను ఒక కొత్త లెక్కల పట్టికను ఆడి చూశాడు. పాడినంత మేరకే బహుమానం అన్న సూత్రం అప్పటికే ఫ్రాన్సులో ప్లాఫాఁ అనే ఆటలో ఉంది. వాండర్‌బిల్ట్ దాన్ని తీసుకొని, స్లామ్‌లకు పెద్ద బహుమానాలు పెట్టి, అవి ముందుగా పాడినవారికే దక్కుతాయన్నాడు. అప్పటికే ఒక గేమ్ గెలిచిన జోడీకి లాభనష్టాలు రెండూ పెరిగే ఏర్పాటు ఒకటి చేశాడు. ఆ స్థితికి ‘వల్నరబుల్’ అన్న పేరును అదే ఓడలో ప్రయాణిస్తున్న ఒక యువతి సూచించిందట. ఆమె పేరు వాండర్‌బిల్ట్‌కు తరువాత గుర్తు రాలేదు. 1927లో న్యూయార్కులోని విస్ట్ క్లబ్ కాంట్రాక్ట్ బ్రిడ్జి నియమావళిని ప్రకటించింది. రెండు మూడేళ్ళలో ఆక్షన్ బ్రిడ్జి పాతబడిపోయింది.

ఈ బహుమానాల విలువ ఎంతో తెలిస్తే తప్ప స్లామ్ నిర్ణయం అర్థం కాదు. ఇప్పటి జట్ల పోటీల్లో ఒకే పంపకాన్ని రెండు బల్లల దగ్గర ఆడతారు. ఒక బల్ల దగ్గర ఒక జట్టు చేతిలో ఉన్న ముక్కలే మరో బల్ల దగ్గర ప్రత్యర్థి జట్టు చేతిలో ఉంటాయి. రెండు ఫలితాల తేడాను ఇంప్‌లు అనే కొలతలోకి మారుస్తారు. వల్నరబుల్ జోడీ ఆరు ఇస్పేట్లు పాడి గెలిస్తే 1430 వస్తాయి. నాలుగు దగ్గరే ఆగి అవే పన్నెండు పట్లు గెలిస్తే 680. తేడా 750, అది 13 ఇంప్‌లు. ఆరు పాడి ఒక పట్టు తగ్గితే 100 పోతాయి. నాలుగు దగ్గర ఆగివుంటే 650 వచ్చేవి. ఈ తేడా కూడా 750, 13 ఇంప్‌లే. అంటే స్మాల్ స్లామ్ సరిగ్గా సగానికి సగం పందెం.

గ్రాండ్ స్లామ్ అలా కాదు. ఏడు పాడి గెలిస్తే 2210, ఆరు దగ్గర ఆగి పదమూడూ గెలిస్తే 1460. లాభం 13 ఇంప్‌లే. ఏడు పాడి ఒకటి తగ్గితే, చేతిలో ఉన్న 1430 పోగా మరో 100 నష్టం. మొత్తం 1530, అంటే 17 ఇంప్‌లు. పదమూడు కోసం పదిహేడు ఒడ్డాలి కనుక కనీసం 57 శాతం దగ్గర అవకాశం ఉంటే తప్ప ఏడు పాడటం గిట్టుబాటు కాదు. ఈ లెక్కలో అవతలి బల్ల దగ్గరివారు కూడా ఆరు దాకా వచ్చారన్న ఊహ ఉంది. వాళ్ళు నాలుగు దగ్గరే ఆగిపోయివుంటే ఆరుతోనే లాభం ఖాయమవుతుంది. అప్పుడు ఏడు పాడటం అత్యాశ. అందుకే అనుభవజ్ఞులు 57 శాతంతో తృప్తి పడరు.

వీటికి తోడు మరొక చిక్కు ఉంది. స్లామ్ కోసం వెదుకుతూ ఐదో మెట్టు ఎక్కి, లేదని తెలుసుకొని అక్కడ ఆగితే, ఆ ఐదు కూడా గెలవలేకపోవచ్చు. నాలుగు దగ్గర హాయిగా వచ్చే పది పట్ల గేమ్ చేజారుతుంది. వెదకడానికి చెల్లించే సుంకం అది. బ్రిడ్జి ఆటగాళ్ళు ఇంతకన్నా చికాకు పడే ఓటమి మరొకటి ఉండదేమో.

అడగడమా, చెప్పడమా

ఆసుకు నాలుగు, రాజుకు మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి చొప్పున చేతిని తూచే పద్ధతికి మిల్టన్ వర్క్ పేరు స్థిరపడింది. చార్లెస్ గోరెన్ దాన్ని ఇంటింటికీ చేర్చాడు. పేక మొత్తం విలువ 40. జోడీ ఇద్దరి దగ్గర కలిపి 33 ఉంటే స్మాల్ స్లామ్, 37 ఉంటే గ్రాండ్ స్లామ్ అన్న సూత్రం ఇప్పటికీ పాఠాల్లో వినిపిస్తుంది. దానిలోని తర్కం సులభం. తమ దగ్గర 33 ఉంటే అవతల మిగిలేవి ఏడే, రెండు ఆసులకు ఎనిమిది కావాలి. కనుక వాళ్ళ దగ్గర రెండు ఆసులు ఉండవు. 37 ఉంటే ఒక్క ఆసు కూడా ఉండదు. రెండు చేతులూ సమతూకంగా ఉండి నోట్రంప్ ఆడబోతున్నప్పుడు ఇది బాగానే పనిచేస్తుంది. రంగులు పొడుగూ పొట్టిగా చీలివున్న చేతుల్లో పాయింట్లు మోసం చేస్తాయి. అక్కడ కావలసింది బరువు కాదు. ఫలానా ముక్క ఉందా, ఫలానా రంగులో మొదటి రెండు చుట్లు పోకుండా ఆపగలమా అన్న నిర్దిష్టమైన సమాచారం కావాలి.

దాన్ని రాబట్టడానికి 1930లలో రెండు ఆలోచనా ధోరణులు ఎదురుపడ్డాయి. మొదటిది ఈలై కల్బర్ట్‌సన్‌ది. 1931 డిసెంబరులో మొదలై 150 రబ్బర్లు సాగిన పందెంలో సిడ్నీ లెంజ్‌ను ఓడించి, బ్రిడ్జిని దినపత్రికల మొదటి పేజీకి ఎక్కించిన ప్రచార మాంత్రికుడు ఇతడు. కల్బర్ట్‌సన్ పద్ధతిలో నాలుగు నోట్రంప్ పాడటం ప్రశ్న కాదు, ప్రకటన. తన దగ్గర మూడు ఆసులున్నాయనో, లేదా రెండు ఆసులూ తాము పాడిన ఒక రంగులో రాజూ ఉన్నాయనో భాగస్వామికి చెప్పడం. ఆ మాట విని భాగస్వామి తన చేతిని తూచుకొని నిర్ణయించాలి. ఇద్దరూ ఆలోచించాలి కనుక ఇద్దరూ సమర్థులై ఉండాలి.

రెండోది ఈజ్లీ బ్లాక్‌వుడ్‌ది. ఇండియానాపొలిస్ నగరంలో బీమా కంపెనీ ఉద్యోగి. 1933లో అతను వర్మ్‌వుడ్ అన్న మారుపేరుతో కల్బర్ట్‌సన్ నడుపుతున్న ‘బ్రిడ్జ్ వరల్డ్’ పత్రికకు ఒక వ్యాసం పంపాడు. అందులో నాలుగు నోట్రంప్ అంటే ‘నీ దగ్గర ఆసులెన్ని?’ అన్న ప్రశ్న మాత్రమే. ఒక్కటీ లేకుంటే ఐదు కళావర్లు, ఒకటుంటే ఐదు డైమన్లు, రెండుంటే ఐదు ఆఠీన్లు, మూడుంటే ఐదు ఇస్పేట్లు. జవాబు చెప్పేవాడు లెక్కపెట్టడం తప్ప ఏమీ ఆలోచించనక్కరలేదు. పత్రిక ఆ వ్యాసాన్ని తిప్పి పంపింది. అచ్చుకు నోచుకోని ఆ పద్ధతి మాత్రం ఆటగాళ్ళ నోట ఊరూరా పాకిపోయింది. కొన్నేళ్ళకు ప్రపంచంలో బ్రిడ్జి ఆడే ప్రతి చోటా బ్లాక్‌వుడ్ పేరు తెలియనివారు లేకపోయారు. కల్బర్ట్‌సన్ నాలుగు నోట్రంప్, ఆ తర్వాత 1936లో అతను తెచ్చిన మరింత చిక్కనైన అడుగుపాటలు మెల్లగా మరుగున పడ్డాయి.

బ్లాక్‌వుడ్ గెలవడానికి కారణం అది మెరుగైనది కావడం కాదు, సులభమైనది కావడం. ఆ సులభత్వంలోనే దాని అపాయం దాగివుంది. ఒక ఉదాహరణతో ఇది స్పష్టమవుతుంది. ఒక ఆటగాడి చేతిలో ఇస్పేటు రాజు, రాణి, జాకీ, పది, ఏడు; ఆఠీను ఆసు, రాజు, రాణి, ఐదు; డైమను ఎనిమిది, మూడు; కళావరు ఆసు, ఆరు ఉన్నాయనుకోవాలి. భాగస్వామి ఇస్పేటును తురుపుగా ఒప్పుకున్నాడు. అతని చేతిలో ఇస్పేటు ఆసు, తొమ్మిది, ఎనిమిది, నాలుగు; ఆఠీను ఏడు, మూడు; డైమను రాణి, ఐదు; కళావరు రాజు, రాణి, జాకీ, ఎనిమిది, రెండు. నాలుగు నోట్రంప్ అని అడిగితే ఐదు డైమన్లు అని జవాబు వస్తుంది. ఉన్నది ఒక ఆసు. జోడీ దగ్గర మొత్తం మూడు ఆసులు, పోయేది ఒక్క డైమను ఆసే అనిపిస్తుంది. ఆరు పాడతారు. ప్రత్యర్థులు డైమను ఆసు, రాజు వరుసగా వేసి రెండు పట్లు పట్టుకొని పోతారు.

ఇప్పుడు భాగస్వామి చేతిలో చిన్న మార్పు. డైమను రాణి తీసేసి ఆఠీను జాకీ పెట్టాలి. డైమను ఐదు ఒంటరిగా మిగులుతుంది. చేతి విలువ ఒక పాయింటు తగ్గింది. బ్లాక్‌వుడ్ ప్రశ్నకు జవాబు అదే, ఒక ఆసు. కాని ఇప్పుడు డైమన్లో పోయేది ఒక్క పట్టే, రెండో చుట్టు డైమనుకు తురుపు పడుతుంది. ఆరు ఇస్పేట్లకు ఇబ్బందే లేదు. బరువు తక్కువైన చేయి స్లామ్ గెలిపించింది, ఎక్కువైన చేయి ఓడించింది. అడిగినవాడికి రెండూ ఒకేలా వినిపించాయి. ఎన్ని అన్నది తెలిసింది, ఎక్కడ అన్నది తెలియలేదు.

అందుకే పాడని రంగులో రెండు చిన్న ముక్కలున్నవాడు నాలుగు నోట్రంప్ అడగకూడదంటారు. చేతిలో ఒక రంగు పూర్తిగా లేనివాడు కూడా అడగకూడదు; భాగస్వామి చెప్పే ఆసు ఆ లేని రంగులోదే అయితే దానివల్ల ఒరిగేది లేదు. నిజానికి బ్లాక్‌వుడ్ స్లామ్‌ను కనుగొనే సాధనం కాదు. స్లామ్‌కు సరిపడా బలం ఉందని మరో విధంగా తెలుసుకున్నాక, రెండు ఆసులు అవతల లేవు కదా అని చూసుకొని, ఉంటే ఆగడానికి ఉపయోగించే పగ్గం. దాన్ని కనిపెట్టినవాడే ఈ సంగతి చెప్పీ చెప్పీ విసిగి, స్లామ్‌ల మీద ఏకంగా ఒక పుస్తకం రాయవలసి వచ్చింది.

ఇటలీ వారి సంభాషణ

రెండో ప్రపంచ యుద్ధం తరువాత స్లామ్ వేలానికి కొత్త ఊపిరి ఇటలీ నుంచి వచ్చింది. 1957 నుంచి 1969 దాకా ఇటలీవారి ‘బ్లూ టీమ్’ పది బెర్ముడా బౌళ్ళు, రెండు ఒలింపియాడ్‌లు గెలిచింది. కర్ల్‌అల్బెర్తో పెర్రూ ఆ జట్టును కఠినమైన క్రమశిక్షణతో నడిపాడు. నేపుల్సుకు చెందిన ఎవ్‌జేనియో క్యారాదియా వేసిన పునాది మీద పియేత్రో ఫోర్కే, బెనీతో గరొజ్జో, మరోవైపు రోమ్‌కు చెందిన జోర్జో బెల్లదోన్న వంటివారు కట్టిన పద్ధతుల్లో వేలం సంభాషణలా సాగేది.

వారి ఆయుధం క్యూ బిడ్. తురుపు నిశ్చయమయ్యాక, గేమ్ మెట్టుకు దిగువనే ఒక కొత్త రంగు పాడితే ‘ఈ రంగు నా అదుపులో ఉంది’ అని అర్థం. ఇది ఇటలీవారు కనిపెట్టింది కాదు. అమెరికన్లు, ఆంగ్లేయులు ముందునుంచీ వాడుతున్నదే. కాని వారు మొదటి చుట్టు అదుపును, అంటే ఆసునో లేక ఆ రంగు అసలు లేకపోవడాన్నో, ముందుగా చూపేవారు. రాజులు, ఒంటరి ముక్కల ప్రస్తావన తరువాతి మెట్లకు వాయిదా పడేది. ఇటలీవారు మొదటి, రెండో చుట్టు అదుపులను కలిపేశారు. ఆసైనా రాజైనా, రంగు లేకపోయినా ఒంటరి ముక్క ఉన్నా సరే, అందుబాటులో ఉన్న అతి చవక పాటతో చూపాలి. ఒక రంగును దాటవేస్తే అందులో అదుపు లేదని అర్థం. చెప్పిన దానితో పాటు చెప్పకుండా వదిలింది కూడా సమాచారమే అయింది.

పై ఉదాహరణను ఈ పద్ధతిలో చూస్తే తేడా తెలుస్తుంది. మొదటి ఆటగాడు నాలుగు కళావర్లు పాడతాడు. డైమను రాణి, ఐదు ఉన్న భాగస్వామి డైమన్లో అదుపు చూపలేక నాలుగు ఇస్పేట్లకు తిరిగి వస్తాడు. తన దగ్గరా డైమను అదుపు లేదు కనుక మొదటివాడు అక్కడే ఆగుతాడు. భాగస్వామికి డైమను ఒంటరిగా ఉంటే నాలుగు డైమన్లు పాడతాడు. అప్పుడు నాలుగు నోట్రంప్ అడగడానికి అర్థముంటుంది. రెండు చేతులకూ రెండు వేర్వేరు గమ్యాలు దొరికాయి. ఖర్చయింది ఒకటి రెండు పాటలు, అవీ గేమ్ మెట్టుకు దిగువనే.

అయితే ఇలా విప్పి చెప్పుకోవడం ఉచితంగా రాదు. ఏ రంగులో బలహీనత ఉందో భాగస్వామికి తెలిసినప్పుడే ప్రత్యర్థికీ తెలుస్తుంది. మొదటి ముక్క ఏది వేయాలో అతనికి వెదుక్కోనక్కరలేదు. 1929 నుంచే థియొడోర్ లైట్నర్ సూచించిన డబుల్ ఒకటి వాడుకలో ఉంది. స్లామ్ మీద డబుల్ అంటే ‘మామూలు ముక్క కాకుండా అసాధారణమైనది వేసి ఆట మొదలుపెట్టు’ అని తోటివానికి సైగ. అందుకని గొప్ప ఆటగాళ్ళు కూడా అప్పుడప్పుడు ఏ ప్రశ్నా అడగకుండా నేరుగా ఆరుకు దూకేస్తారు. ఏమీ చెప్పకపోతే ప్రత్యర్థి గుడ్డిగా వేయాల్సి వస్తుంది. వెదకడం కన్నా వెదకకపోవడమే మంచి వ్యూహమయ్యే సందర్భాలను గుర్తించడం పుస్తకాలకు అందని విద్య.

చోటు కరువు అన్నది మరో సమస్య. తురుపు ఇస్పేటు అయితే నాలుగు నోట్రంప్‌కు వచ్చే మొదటి నాలుగు జవాబులూ ఐదు ఇస్పేట్ల లోపే పడతాయి. తురుపు కళావరు అయితే, ఒక్క ఆసు ఉందన్న జవాబే ఐదు కళావర్లను దాటిపోతుంది. ఇక ఆగాలన్నా ఆగే చోటు లేదు. 1938 ప్రాంతంలో టెక్సస్‌కు చెందిన జాన్ గెర్బర్ ప్రచారంలోకి తెచ్చిన నాలుగు కళావర్ల ప్రశ్న, ఆ తర్వాత జెఫ్ రూబెన్స్ ప్రతిపాదించిన, తురుపుకు పై రంగునే నాలుగో మెట్టులో ప్రశ్నగా వాడే ‘కిక్‌బ్యాక్’ ఈ ఇరుకు నుంచి పుట్టినవే. వేలంలో ప్రతి మెట్టునూ ఖర్చు పెట్టే సొమ్ముగా చూడాలన్న ఆలోచనను ఒక సిద్ధాంతంగా మలచినవాడు రూబెన్స్. ఆ తర్వాత వచ్చిన రిలే పద్ధతులు దాన్ని చివరి అంచు దాకా తీసుకుపోయాయి. ఒకడు అతి చవక పాటలతో అడుగుతూ పోతాడు, రెండోవాడు తన పదమూడు ముక్కల స్వరూపమంతా అప్పగిస్తాడు. బ్లాక్‌వుడ్ వేసిన బాట అదే, మరింత పొడుగ్గా.

ప్రశ్న వేశాక ఎంతసేపు ఆలోచించాలన్నది కూడా నైతిక సమస్యగా మారింది. నాలుగు నోట్రంప్ అడిగినవాడు జవాబు విని వెంటనే ఐదు దగ్గర ఆగితే రెండు ఆసులు లోపించాయని అర్థం. చాలాసేపు తటపటాయించి ఆగితే ఒక్కటే లోపించిందేమో అన్న అనుమానం భాగస్వామికి కలుగుతుంది. ఆ అనుమానాన్ని ఆసరా చేసుకొని అతను ఆరు పాడితే నిబంధనలు ఒప్పుకోవు. మాటల భాషను ఎంత బిగించి కట్టినా మౌనం అందులోకి చొరబడుతూనే ఉంటుంది. 1975 బెర్ముడా బౌల్‌లో భాగస్వాములు ఒకరినొకరు చూడకుండా బల్లకు అడ్డంగా తెరలు కట్టారు. ఆ పోటీలో తెరలు వాడటం అదే తొలిసారి.

తొంభై రెండో పంపకం

ఆ సంవత్సరపు పోటీ బెర్ముడా ద్వీపంలోనే జరిగింది. తెరలు కట్టినా వివాదం తప్పలేదు. ఇద్దరు ఇటలీ ఆటగాళ్ళు బల్ల కింద కాళ్ళతో సైగలు చేసుకుంటున్నారన్న ఆరోపణ వచ్చింది, విచారణ జరిగింది, నిర్వాహకులు వారిని మందలించారు. ఆ వాతావరణంలోనే ఇటలీ, అమెరికా జట్లు తుదిపోరుకు కూర్చున్నాయి. మొత్తం 96 పంపకాలు. అమెరికా మొదట చాలా ముందుకు పోయింది, ఇటలీ మెల్లగా దూరం తగ్గించుకుంటూ వచ్చింది.

92వ పంపకంలో అమెరికా జోడీ ఆరు నోట్రంప్ దగ్గర ఆగింది. రెండో బల్ల దగ్గర అవే ముక్కలు బెల్లదోన్న, గరొజ్జోల చేతిలో పడ్డాయి. ఎన్నో మలుపులు తిరిగిన వేలం చివర వాళ్ళు ఏడు కళావర్లు పాడారు. ముక్కలు పరిచి చూస్తే అది ఏ లెక్కలోనూ నిలిచే పాట కాదు. తురుపు రాజు అవతలివారి దగ్గర ఉంది. డమ్మీలో ఉన్న తురుపులు ఆసు, రాణి, రెండే. గెలవాలంటే ఆ రాజు డమ్మీకి ముందు కూర్చున్న ఆటగాడి దగ్గరే ఉండాలి. ఉండటమే కాదు, దాని పక్కన మరీ ఎక్కువ తురుపులూ ఉండకూడదు. గ్రాండ్ స్లామ్‌కు కావలసిన 57 శాతం మాట అటుంచి, అందులో సగం అవకాశం కూడా లేదు.

ఆ స్థానంలో కూర్చున్నవాడు ఎడ్డీ కాంటర్. అతని చేతిలో కళావరు రాజు, పది, ఆ రెండే తురుపులు ఉన్నాయి. బెల్లదోన్న తన చేతి నుంచి తురుపు వేసి, డమ్మీలో రాణిని నిలిపాడు. రాణి గెలిచింది. ఆసు వేయగానే కాంటర్ రాజు దాని కింద పడిపోయింది.

ఆ ఒక్క పంపకంలో ఇటలీకి 12 ఇంప్‌లు వచ్చాయి. రాజు మరో చేతిలో ఉండివుంటే 17 పోయేవి. రెండింటి మధ్య దూరం 29 ఇంప్‌లు. తుదిపోరులో ఇటలీ గెలిచిన తేడా అంతకన్నా తక్కువ. బుద్ధిగా వెదికి సరైన చోట ఆగిన జోడీ ప్రపంచ బిరుదు పోగొట్టుకున్నది, వేలంలో దారి తప్పిన జోడీ గెలుచుకున్నది. దాదాపు ఇరవై ఏళ్ళపాటు ప్రపంచానికి స్లామ్ వేలం నేర్పిన దేశపు అత్యంత ప్రసిద్ధమైన స్లామ్, ఆ పాఠాలకే విరుద్ధంగా పాడినది కావడం ఈ చరిత్రలో ఒక విచిత్రం. దీన్ని అదృష్టమని తేల్చేయడం సులభం, కొంతమేరకు నిజం కూడా. కాని బ్రిడ్జి మేధావులు ఆ పంపకాన్ని మరో కోణంలో చదివారు. జోడీ ఆసులన్నీ లెక్కపెట్టుకోగలదు, రంగుల అదుపులన్నీ చూపుకోగలదు, తురుపు ఎంత గట్టిదో తెలియకపోతే కట్టడమంతా ఇసుక మీద నిలిచినట్టే. దీనికి మందు అప్పటికి లేకపోలేదు. కల్బర్ట్‌సన్ రూపొందించి, 1936లో తన భార్య జోసఫీన్ పేరున అచ్చువేసిన వ్యాసంలో ప్రకటించిన ఐదు నోట్రంప్ ప్రశ్న ఉంది. తురుపులో ఆసు, రాజు, రాణిలలో రెండు ఉంటే ఏడు పాడమని అది భాగస్వామిని కోరుతుంది. ఐరోపాలో దాన్ని ఇప్పటికీ జోసఫీన్ అంటారు. కాని అది ఐదో మెట్టు చివరన కూర్చున్న ప్రశ్న. అక్కడికి చేరేసరికి ఆలస్యమైపోతుంది.

తరువాతి సంవత్సరాల్లో ఆటగాళ్ళు పాత బ్లాక్‌వుడ్‌నే విప్పి మళ్ళీ కుట్టారు. తురుపు రాజును ఐదో ఆసుగా లెక్కపెట్టారు. ముఖ్యమైన ముక్కలు ఇప్పుడు నాలుగు కాదు, ఐదు. సున్నా లేక మూడు ఉంటే ఐదు కళావర్లు. ఒకటి లేక నాలుగు ఉంటే ఐదు డైమన్లు. రెండుండి తురుపు రాణి లేకపోతే ఐదు ఆఠీన్లు, రెండుతో పాటు రాణి కూడా ఉంటే ఐదు ఇస్పేట్లు. మొదటి రెండు జవాబుల స్థానాలను తారుమారు చేసిన రూపానికి ఆటగాళ్ళు ‘పద్నాలుగు ముప్పై’ అని పేరు పెట్టుకున్నారు. ఒకటి లేక నాలుగు, మూడు లేక సున్నా అన్న ఆ జవాబుల అంకెలు కలిపితే, ఆరు ఇస్పేట్లు గెలిచిన వల్నరబుల్ జోడీకి వచ్చే 1430 అవుతుంది. రోమన్ కీ కార్డ్ బ్లాక్‌వుడ్ అన్న ఈ పద్ధతి నేడు పోటీలకు వెళ్ళే జోడీలలో అత్యధికులు వాడేది. దాని చిక్కుముడులన్నీ విప్పి పుస్తకాలు రాసి, పాఠాలు చెప్పి, ప్రపంచమంతా దాన్ని వ్యాపింపజేసిన ఘనత ముఖ్యంగా ఒక అమెరికన్ ఆటగాడిది. 1977లోనూ 1979లోనూ బెర్ముడా బౌల్ గెలిచిన జట్లలో ఉన్నవాడు, అంతకుముందు 1975లో తురుపు రాజును చేతిలో పెట్టుకొని బెల్లదోన్న ఎదురుగా తెర పక్కన కూర్చున్నవాడు, ఎడ్డీ కాంటర్.